ఒకే తెరపై నాలుగైదు యానిమేషన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మొబైల్ యాప్‌లో ఒక్క యానిమేషన్ రాయడం ఎవరికీ పెద్ద కష్టం కాదు. కార్డు పెద్దదవుతుండగా శీర్షిక పైకి జరగాలి, వెనకాల జాబితా మసకబారాలి, అంతా కుదురుకునే వేళకి బటన్ కనిపించాలి అన్నప్పుడే చిక్కంతా. ఇలాంటి పనుల్లో అవే సందేహాలు పదేపదే వస్తుంటాయి కాబట్టి జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఆండ్రాయిడ్, ఐఓఎస్, ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ నాలుగింటి గురించీ ఉంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

ఒక్కోదానికీ డిలే పెట్టుకుంటూ పోతే బాగానే నడుస్తోంది కదా, ఇంకా సమన్వయం అంటూ వేరే ఏముంది?

మీ ఫోన్‌లో, ఎవరూ తెరను తాకనంతసేపూ బాగానే నడుస్తుంది. పోస్ట్‌డిలేడ్ అయినా, ఏసింక్‌ఆఫ్టర్ అయినా, సెట్‌టైమౌట్ అయినా ఇచ్చే హామీ ఒక్కటే: కనీసం ఇంతసేపు ఆగాక పిలుస్తాను అని. తెర పనులన్నీ నడిపే మెయిన్ థ్రెడ్ తీరిక లేకుండా ఉంటే ఆ పిలుపు ఆలస్యమవుతుంది. యానిమేషన్ ఫ్రేముల గడియారాన్ని బట్టి నడుస్తుంది. టైమర్‌కి ఆ గడియారంతో సంబంధం లేదు.

ఇంకో ఇబ్బంది, మార్పులు చేయాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. మొదటి యానిమేషన్‌ని 300 మిల్లీసెకన్ల నుంచి 250కి తగ్గిస్తే మిగతా డిలేలన్నీ మళ్లీ లెక్క వేసుకోవాలి. వాడేవారు మధ్యలో వెనక్కి వెళ్లిపోతే, తెర లేకపోయినా మూడో టైమర్ మోగుతుంది. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్లలో యానిమేటర్ వ్యవధిని ఐదింతలు చేసి చూడండి: యానిమేటర్లు, వాటి స్టార్ట్‌డిలేలు సాగుతాయి, పోస్ట్‌డిలేడ్ మాత్రం సాగదు. వరుస ఎంత బలహీనంగా ఉందో నిమిషంలో తెలిసిపోతుంది.

అన్నీ కలిసి నడవాలా, ఒకదాని తర్వాత ఒకటా, కొంచెం కొంచెం ఎడంతోనా? ఎలా తేల్చుకోవాలి?

ఒకే వస్తువుకు చెందినవైతే కలిపి నడపండి. కార్డు పరిమాణం, మూలల వంపు, నీడ వేర్వేరు సమయాల్లో మారితే ఆ కార్డు ఒక్కటే వస్తువు అనిపించదు. పాతది ఖాళీ చేసిన చోటికే కొత్తది రావాలంటే వరుస తప్పదు. ఒకే రకం తోబుట్టువులు, అంటే జాబితాలోని వరుసలు, గ్రిడ్‌లోని బొమ్మలు, ఎడంతో వస్తే బాగుంటాయి.

అయితే అచ్చమైన వరుసకు ఖరీదెక్కువ. 300 మిల్లీసెకన్లవి మూడు ఒకదాని వెనక ఒకటి నడిస్తే 900 అవుతుంది, ఆ సేపంతా వాడేవారు ఎదురుచూస్తూ ఉంటారు. అందుకే మొదటిది సగం దాటేసరికి రెండోదాన్ని మొదలుపెట్టడం మేలు. ఎడం విషయంలోనూ లెక్క చూసుకోవాలి. 20 వరుసలకు 50 మిల్లీసెకన్ల చొప్పున ఎడం ఇస్తే చివరిది 950 దగ్గర గానీ మొదలే కాదు. ఎడాన్ని స్థిరంగా పెట్టకుండా, మొత్తానికి ఒక హద్దు పెట్టుకుని దాన్ని వరుసలకు పంచండి. లేదా మొదటి ఐదారింటికే ఎడం ఇచ్చి మిగతావాటిని కలిపి తీసుకురండి.

మొత్తం కలిపి ఎంతసేపు ఉండొచ్చు?

ఆండ్రాయిడ్ వ్యాల్యూయానిమేటర్‌కి మీరేమీ చెప్పకపోతే 300 మిల్లీసెకన్లు, కోర్ యానిమేషన్‌కి 250. ఒక్క కదలికకు ఈ అంకెలు సబబే. గుంపు మొత్తానికైతే నా పద్ధతి ఇది: రోజుకు పదిసార్లు చూసే తెర అయితే అర సెకను దాటనివ్వను. ఖాతా తెరిచినప్పుడు ఒక్కసారి కనిపించేదైతే కాస్త తీరిగ్గా నడిచినా ఫరవాలేదు.

డిజైనర్ వీడియో పంపారు. అది చూసి రాసేయొచ్చా?

వీడియో చూసి ఊహించడం కన్నా మూడు అంకెలు అడగడం మేలు: ప్రతి వస్తువూ ఎప్పుడు మొదలవుతుంది, ఎంతసేపు నడుస్తుంది, ఏ ఈజింగ్ కర్వ్, అంటే మధ్యలో వేగం ఎలా పెరిగి తగ్గుతుంది. వస్తువుకో వరుస చొప్పున పట్టిక గీస్తే ఏది దేని మీద ఆధారపడిందో అక్కడే తేలుతుంది. వెనక్కి వెళ్లేటప్పుడు ఏం జరగాలో కూడా అప్పుడే అడిగేయండి. సాధారణంగా ఆ వీడియోలో అది ఉండదు.

## కోడ్ రాసేటప్పుడు

అన్నింటికీ ఒకే కంట్రోలర్ (యానిమేషన్‌ని నడిపించే వస్తువు) పెట్టాలా, దేనికది వేరుగానా?

ముందుగానే తెలిసిన వరుస అయితే ఒకే కంట్రోలర్, సందేహం అక్కర్లేదు. 0 నుంచి 1 వరకు నడిచే ఒకే ఒక్క ప్రగతి విలువ ఉంచుకోండి, ప్రతి వస్తువూ అందులోంచి తన వాటా తీసుకుంటుంది. ఫ్లట్టర్‌లో 800 మిల్లీసెకన్ల యానిమేషన్‌కంట్రోలర్ ఒకటి పెట్టి, ఇంటర్వల్ సాయంతో కార్డుకు 0.0 నుంచి 0.4, శీర్షికకు 0.25 నుంచి 0.7, బటన్‌కు 0.6 నుంచి 1.0 ఇస్తే సరి. మొత్తం వేగం మార్చాలంటే 800ని మార్చితే చాలు, లోపలి నిష్పత్తులు చెక్కుచెదరవు. రివర్స్ అని పిలిస్తే అన్నీ కలిసికట్టుగా వెనక్కి వస్తాయి. వేలితో లాగుతూ నడపాలన్నా ఆ ఒక్క విలువను మార్చితే చాలు.

ఐఓఎస్‌లో యూఐవ్యూప్రాపర్టీయానిమేటర్‌కి యాడ్‌యానిమేషన్స్ ద్వారా డిలేఫ్యాక్టర్‌తో భాగాలు చేరిస్తే, ఫ్రాక్షన్‌కంప్లీట్ ఈ ప్రగతి విలువ పని చేస్తుంది. ఆండ్రాయిడ్ మోషన్‌లేఅవుట్‌లో దాన్ని ప్రోగ్రెస్ అనే అంటారు.

ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఈజింగ్. ప్రధాన ప్రగతికి ఒక కర్వ్, ముక్కలకు ఇంకో కర్వ్ ఇస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడి కదలిక వింతగా సాగుతుంది. ప్రధాన ప్రగతిని ఒకే వేగంతో, లీనియర్‌గా వదిలేసి, ఈజింగ్‌ని ముక్కలకే ఇవ్వండి.

వేరువేరు కంట్రోలర్లు ఎప్పుడు? వస్తువులు వేర్వేరు సంఘటనలకు స్పందిస్తున్నప్పుడు, లేదా స్ప్రింగ్ (ఊగి ఊగి కుదురుకునే కదలిక) లాగా ముందే ఇంతసేపని చెప్పలేని కదలిక ఉన్నప్పుడు.

ఆండ్రాయిడ్ వ్యూలలో యానిమేటర్‌సెట్ నేను అనుకున్న వరుసలో నడవడం లేదు, ఎందుకు?

ప్లే(ఎ) తర్వాత బిఫోర్(బి), బిఫోర్(సి) అని గొలుసుగా రాస్తే ఎ, బి, సి వరుసగా వస్తాయని అనుకుంటాం. అలా కాదు. ఆ గొలుసులోని ప్రతి సంబంధం ప్లేలో ఇచ్చిన ఎ తోనే. కాబట్టి ఎ అయిపోగానే బి, సి రెండూ ఒకేసారి మొదలవుతాయి. నిజంగా వరుస కావాలంటే ప్లేసీక్వెన్షియల్లీ వాడండి, లేదా బి, సి ల మధ్య సంబంధాన్ని ఇంకో ప్లేతో చెప్పండి.

సెట్ మీద సెట్‌డ్యూరేషన్ పిలవడం ఇంకో ఉచ్చు. అది మొత్తం వ్యవధి కాదు, ప్రతి పిల్ల యానిమేటర్‌కీ అదే వ్యవధి వచ్చేస్తుంది, మీరు విడివిడిగా ఇచ్చినవి పోతాయి. ఒకే వ్యూకి సంబంధించిన నాలుగు లక్షణాలకు నాలుగు యానిమేటర్లు కూడా వద్దు. ప్రాపర్టీవ్యాల్యూస్‌హోల్డర్‌తో ఒకే ఆబ్జెక్ట్‌యానిమేటర్‌లో ఇమిడిపోతాయి. సెట్‌ని వెనక్కి నడిపే రివర్స్ ఏపీఐ 26 (ఆండ్రాయిడ్ 8.0) నుంచే ఉంది.

ఆండ్రాయిడ్ తెరలు రాసే జెట్‌ప్యాక్ కంపోజ్‌లో యానిమేట్ యాజ్‌స్టేట్‌లు చాలా పేరుకుపోయాయి, పద్ధతేమిటి?

అన్నీ ఒకే స్థితిని బట్టి మారుతుంటే అప్‌డేట్‌ట్రాన్సిషన్ వాడండి. తెరిచి ఉంది, మూసి ఉంది లాంటి ఒక్క స్థితి ఇస్తే రంగు, ఎత్తు, పారదర్శకత అన్నీ దాని పిల్లలుగా కలిసి మొదలవుతాయి. ఏది ఆలస్యంగా రావాలో దాని ట్వీన్‌లో డిలేమిల్లిస్ పెట్టొచ్చు.

ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి అన్నప్పుడు యానిమేటబుల్ హాయి. యానిమేట్‌టు అనేది సస్పెండ్ ఫంక్షన్ కాబట్టి కింది వరుసలో ఉన్నది పై కదలిక ముగిశాకే నడుస్తుంది. రెండు కలిసి నడవాలంటే కోరొటీన్‌స్కోప్ లోపల రెండు లాంచ్‌లు. వరుస అంతా మామూలు కోడ్ చదివినట్టు పైనుంచి కిందికి చదువుకోవచ్చు. లాంచ్డ్‌ఎఫెక్ట్ కీ మారగానే లోపలివన్నీ రద్దవుతాయని మాత్రం గుర్తుంచుకోండి.

ఐఓఎస్‌లో కంప్లీషన్ (యానిమేషన్ ముగిశాక నడిచే కోడ్) లోపల కంప్లీషన్ రాసుకుంటూ నాలుగు మెట్లు దిగాను. వేరే దారి ఉందా?

ఉంది. 2013లో ఐఓఎస్ 7తో వచ్చిన యానిమేట్‌కీఫ్రేమ్స్ ఈ పనికే. మొత్తం వ్యవధి ఒకచోట చెప్పి, ప్రతి దశకూ సాపేక్ష ఆరంభం, సాపేక్ష నిడివి ఇస్తారు. ఆ రెండూ 0 నుంచి 1 మధ్య భాగాలు, సెకన్లు కావు. సెకన్లనుకుని 1.5 అని ఇచ్చి, ఎందుకు నడవలేదా అని వెతుక్కునేవారు తక్కువేం కాదు.

లేయర్ల స్థాయిలో సీఏయానిమేషన్‌గ్రూప్ వాడితే గ్రూప్ వ్యవధి తప్పక ఇవ్వండి. ఇవ్వకపోతే 0.25 సెకన్లు అనుకుంటుంది, దానికన్నా పొడవైన పిల్ల యానిమేషన్లను మధ్యలో తెగ్గోస్తుంది. ముగిశాక లేయర్ పాత చోటికి గెంతుతుంటే అసలు లేయర్ విలువను మీరు మార్చలేదన్నమాట, కదిలింది పైకి కనిపించే ప్రెజెంటేషన్ లేయర్ మాత్రమే.

స్విఫ్ట్‌యూఐ వాడేవారికి 2023లో ఐఓఎస్ 17తో ఫేజ్‌యానిమేటర్, కీఫ్రేమ్‌యానిమేటర్, విత్‌యానిమేషన్‌కి కంప్లీషన్ వచ్చాయి. అంతకుముందు డిలేలతో నెట్టుకొచ్చిన కోడ్‌లో చాలా భాగం ఇప్పుడు తీసేయొచ్చు.

రియాక్ట్ నేటివ్‌లో పేరలల్ పెట్టాను, ఒకటి ఆగితే అన్నీ ఆగిపోతున్నాయి. ఇదేమిటి?

యానిమేటెడ్ పేరలల్‌లో స్టాప్‌టుగెదర్ అనే ఎంపిక మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. వద్దనుకుంటే ఫాల్స్ ఇవ్వండి. ఇంకో మాట: కదలికను జావాస్క్రిప్ట్ బదులు నేటివ్ వైపు నడిపించే యూజ్‌నేటివ్‌డ్రైవర్ ట్రాన్స్‌ఫామ్‌లకు, పారదర్శకతకు పనిచేస్తుంది గానీ వెడల్పు, ఎత్తు, మార్జిన్లకు పనిచేయదు. ఒకే యానిమేటెడ్ వ్యాల్యూని ఒకసారి నేటివ్ వైపు, ఇంకోసారి జావాస్క్రిప్ట్ వైపు నడపబోతే ఎర్రర్ వస్తుంది. ఒక గుంపులో రెండు రకాలూ ఉంటే విలువలను విడదీయండి.

స్ప్రింగ్‌కి ఇంతసేపని లేదు కదా, దాని తర్వాతది ఎప్పుడు మొదలుపెట్టాలి?

ముగిసిందన్న కబురు కోసం ఆగకండి. కంటికి స్ప్రింగ్ ఆగినట్టే ఉంటుంది, లోపల మాత్రం గుర్తుపట్టలేనంత చిన్న ఊగిసలాట సాగుతూనే ఉంటుంది. అది హద్దులోపలికి వచ్చాకే ముగింపు కబురు వస్తుంది. దాన్ని పట్టుకుని రెండోదాన్ని మొదలుపెడితే మధ్యలో అర్థంలేని విరామం తగులుతుంది. విలువ గమ్యంలో తొంభై శాతం దాటగానే మొదలుపెట్టడం ఒక దారి, రెండూ కలిపి వదిలేయడం ఇంకా తేలిక. స్విఫ్ట్‌యూఐ ఈ తేడాను గుర్తించింది: కంప్లీషన్‌కి లాజికల్లీకంప్లీట్, రిమూవ్డ్ అని రెండు ప్రమాణాలున్నాయి. మొదటిది చూపుకు పూర్తయిన వేళ, రెండోది ఊగిసలాట కూడా అయిపోయి యానిమేషన్ తొలగిన వేళ.

## మధ్యలో వేలు పడితే

యానిమేషన్ నడుస్తుండగా మళ్లీ నొక్కితే గెంతుతోంది. నొక్కకుండా ఆపేయనా?

ఆపడం అన్నింటికన్నా సులువైన దారి, అన్నింటికన్నా చిరాకు తెప్పించేదీ అదే. డబ్బు చెల్లింపు బటన్ లాంటివి తప్ప మిగతా చోట్ల తాకిడిని అడ్డుకోవద్దు. గెంతు రావడానికి కారణం కొత్త కదలిక మొదటి చోటు నుంచి మొదలవడం. ఇప్పుడు ఎక్కడుందో అక్కణ్నుంచి మొదలవ్వాలి.

ఆండ్రాయిడ్‌లో ఆబ్జెక్ట్‌యానిమేటర్‌కి ఆరంభం, గమ్యం రెండూ ఇవ్వకుండా గమ్యం ఒక్కటే ఇస్తే ప్రస్తుత విలువను తనే తీసుకుంటుంది. ముందున్నదాన్ని క్యాన్సిల్ చేయడం మాత్రం మీ పని. కంపోజ్‌లో కొత్త యానిమేట్‌టు పాతదాన్ని రద్దు చేసి, దాని వేగాన్ని కూడా అందుకుంటుంది. స్ప్రింగ్‌తో వాడితే అతుకు కనిపించదు. ఐఓఎస్ 8 నుంచి యూఐవ్యూ యానిమేషన్లు ఒకదానితో ఒకటి కలిసిపోయేలా నడుస్తాయి కాబట్టి మామూలు సందర్భాల్లో మీరేం చేయనక్కర్లేదు.

గుంపులో అయితే ఇంకో జాగ్రత్త కావాలి. ఒక్కదాన్ని తిప్పి మిగతావాటిని అలాగే వదిలేస్తే కార్డు మూసుకుంటుంటే బటన్ కనిపించడం మొదలవుతుంది. తిప్పితే గుంపు మొత్తాన్ని తిప్పాలి. ఇంకా మొదలుకాక డిలేలో ఆగి ఉన్నవి కూడా అందులో భాగమే, సాధారణంగా మరిచిపోయేది వాటినే.

క్యాన్సిల్ చేసినా ఆన్‌యానిమేషన్‌ఎండ్ వస్తోంది. బగ్గా?

కాదు. ఆండ్రాయిడ్‌లో క్యాన్సిల్ చేస్తే ముందు ఆన్‌యానిమేషన్‌క్యాన్సిల్, వెంటనే ఆన్‌యానిమేషన్‌ఎండ్ వస్తాయి. తర్వాతి దశను ఎండ్‌లో మొదలుపెట్టారంటే, రద్దు చేసినా అది నడిచిపోతుంది. క్యాన్సిల్‌లో ఒక జెండా ఎత్తి, ఎండ్‌లో దాన్ని చూసుకోండి. ఎండ్ అన్న ఫంక్షన్‌ని మీరు పిలిస్తే సంగతి వేరు, అది చివరి విలువకు గెంతిస్తుంది. ఐఓఎస్ కంప్లీషన్‌కి వచ్చే ఫినిష్డ్ విలువ కూడా ఈ తేడా చెప్పడానికే ఉంది.

ఫ్లట్టర్‌ది తిరగబడ్డ కథ. ఫార్వర్డ్ ఇచ్చే ఫ్యూచర్ కోసం అవెయిట్ చేస్తుండగా కంట్రోలర్ రద్దయితే ఆ ఫ్యూచర్ ఎప్పటికీ పూర్తికాదు, కింది కోడ్ అలాగే ఉండిపోతుంది. ఆర్‌క్యాన్సిల్ కోసం అవెయిట్ చేసి, టిక్కర్‌క్యాన్సిల్డ్ ఎర్రర్‌ని పట్టుకోండి.

వేలితో లాగుతూ ఉండాలి, వదిలేస్తే తనంతట తాను పూర్తవ్వాలి. ఎలా?

ఒకే ప్రగతి విలువ మీద అంతా ఆధారపడి ఉంటే ఇది దాదాపు ఉచితంగా వస్తుంది. వేలు జరిగిన దూరాన్ని మొత్తం దూరంతో భాగించి ప్రగతిగా ఇవ్వండి. వదిలినప్పుడు వేగాన్ని కూడా అందించాలి, లేకపోతే చేతిలోంచి జారి ఎక్కడో తగులుకున్నట్టు ఉంటుంది. ఫ్లట్టర్‌లో ఫ్లింగ్, ఐఓఎస్‌లో కంటిన్యూయానిమేషన్ ఉన్నాయి. ముందుకా వెనక్కా అన్నది ఎక్కడ వదిలారన్నదాన్ని బట్టే కాదు, ఎటు విసిరారన్నదాన్ని బట్టి కూడా తేల్చండి.

తెర మూసేశాక క్రాష్ అవుతోంది, ఏం చూడాలి?

ఫ్లట్టర్‌లో కంట్రోలర్ డిస్పోజ్‌ని సూపర్ డిస్పోజ్ కన్నా ముందు పిలిచారా చూడండి. ఆండ్రాయిడ్ ఫ్రాగ్మెంట్‌లో ఆన్‌డిస్ట్రాయ్‌వ్యూలో క్యాన్సిల్ చేసినా క్రాష్ రావొచ్చు: ఆ క్యాన్సిల్ వల్లే ఎండ్ లిజనర్ (ముగింపు కబురు అందుకునే కోడ్) నడిచి, అప్పటికే నల్ అయిన బైండింగ్‌ని తాకుతుంది. ముందు లిజనర్లను తీసేసి, ఆ తర్వాత క్యాన్సిల్ చేయండి.

## కుదుపులు కనిపిస్తే

ఒక్కోటి విడిగా నున్నగా ఉంది, కలిపి నడిపితే జెర్క్ వస్తోంది. ఎందుకు?

60 హెర్ట్జ్ తెరపై ఒక ఫ్రేమ్‌కి దొరికేది 16.67 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్‌లో 8.33. మీ యానిమేషన్లన్నీ ఆ కొద్ది సమయాన్నే పంచుకోవాలి. అందులో ఏ ఒక్కటి లేఅవుట్‌ని కదిలించినా మిగతావి కూడా దెబ్బతింటాయి. వెడల్పు, ఎత్తు, కన్‌స్ట్రెయింట్ మారిస్తే ప్రతి ఫ్రేమ్‌లోనూ కొలతలు మళ్లీ వేయాలి. జరపడం, పెంచడం, తిప్పడం, మసకబార్చడంతో పని జరిగితే అవే వాడండి. కంపోజ్‌లో విలువను గ్రాఫిక్స్‌లేయర్ లాంబ్డా లోపల చదివితే రీకంపోజిషన్, అంటే ఆ భాగాన్ని మళ్లీ కట్టడం, తప్పుతుంది. ఫ్లట్టర్‌లో మారని భాగాన్ని యానిమేటెడ్‌బిల్డర్‌కి చైల్డ్‌గా ఇవ్వండి.

ఐఓఎస్‌లో కుదుపు ఇంకో రూపంలో వస్తుంది. కోర్ యానిమేషన్ వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది కాబట్టి మెయిన్ థ్రెడ్ ఇరుక్కున్నా మొదలైన కదలిక నున్నగానే సాగుతుంది. కానీ కంప్లీషన్ మెయిన్ థ్రెడ్ మీదికి రావాలి. అందుకే రెండు దశల మధ్య మాత్రమే చిన్న ఆగుడు కనిపిస్తుంది. అది కనిపిస్తే గొలుసు తీసేసి, అన్నింటినీ వేర్వేరు ఆరంభ సమయాలతో ఒకేసారి అప్పగించండి.

కొలిచేముందు బిల్డ్ ఏదో చూసుకోండి. ఫ్లట్టర్, కంపోజ్ రెండూ డీబగ్ బిల్డ్‌లో మందకొడిగా ఉంటాయి. అక్కడ కనిపించే కుదుపులను వేటాడటం వృథా శ్రమ.

120 హెర్ట్జ్ ఫోన్‌లో నా యానిమేషన్ రెండింతలు వేగంగా పోతోంది!

ఫ్రేమ్‌కి ఇన్ని పిక్సెల్స్ చొప్పున కలుపుతున్నారన్నమాట. ఫ్రేములను లెక్కపెట్టకండి, గడిచిన సమయాన్ని తీసుకోండి. ఆండ్రాయిడ్‌లో కొరియోగ్రాఫర్ ఇచ్చే ఫ్రేమ్ సమయం, ఐఓఎస్‌లో సీఏడిస్‌ప్లేలింక్ ఇచ్చే టార్గెట్‌టైమ్‌స్టాంప్ అందుకే ఉన్నాయి. అన్ని వస్తువులకూ ఆ ఫ్రేమ్‌లో ఒకే సమయం అందేలా చూడండి. దేనికది గడియారం చూసుకుంటే స్వల్ప తేడాలతో పక్కపక్కనే ఉన్నవి కూడా వణుకుతాయి.

తెర లోపలికి వస్తుండగానే సర్వర్ నుంచి డేటా వచ్చి అంతా చెదిరిపోతోంది. ఏం చేయాలి?

డేటా వచ్చిన క్షణం, చూపించే క్షణం ఒకటే కానక్కర్లేదు. ప్రవేశ కదలిక సాగుతుంటే డేటాను పట్టి ఉంచి, అది ముగిశాక పెట్టండి. ముందే రాకపోతే అదే పరిమాణంలో ఖాళీ చట్రం చూపించండి, అప్పుడు లేఅవుట్ జరగదు.

## విడుదలకు ముందు

చలనం తగ్గించమని ఫోన్‌లో పెట్టుకున్నవారికి ఏం చూపించాలి?

జరగడం, పెరగడం తీసేసి చిన్న ఫేడ్ ఇవ్వండి. ఏమీ లేకుండా టక్కున మారిపోతే ఏం మారిందో తెలియక తికమకపడతారు. ఐఓఎస్‌లో ఈజ్‌రెడ్యూస్‌మోషన్‌ఎనేబుల్డ్, ఆండ్రాయిడ్‌లో ఏపీఐ 26 నుంచి ఆర్‌యానిమేటర్స్‌ఎనేబుల్డ్, ఫ్లట్టర్‌లో మీడియాక్వెరీ డిసేబుల్‌యానిమేషన్స్ చూడండి.

ఆండ్రాయిడ్‌లో యానిమేషన్లను తీసేసే సెట్టింగ్ పెడితే యానిమేటర్లు మొదలైన వెంటనే ముగిసిపోతాయి. మీ యాప్‌లో ఫారం పంపడం, తర్వాతి తెరకు వెళ్లడం లాంటి అసలు పనులు యానిమేషన్ నిడివిని నమ్ముకుని ఉంటే ఇక్కడే తేడా కొడతాయి. మెరుపుల సంగతి ఇంకా కచ్చితం: వెబ్ సౌలభ్య మార్గదర్శకాలైన డబ్ల్యూసీఏజీ ప్రకారం సెకనులో మూడుసార్లకు మించి మెరిసేది ఏదీ ఉండకూడదు, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి.

ఇంత వేగంగా జరిగేదాన్ని కంటితో ఎలా సరిచూడాలి?

నెమ్మది చేసి చూడండి. ఐఓఎస్ సిమ్యులేటర్‌లో స్లో యానిమేషన్స్ ఉంది, ఆండ్రాయిడ్‌లో వ్యవధి పదింతలు పెట్టొచ్చు, ఫ్లట్టర్‌లో టైమ్‌డైలేషన్. ఆ వేగంలో మధ్యలో వెనక్కి నొక్కండి, ఫోన్ అడ్డంగా తిప్పండి, రెండుసార్లు నొక్కండి. మామూలు వేగంలో దాక్కున్న లోపాలు ఇక్కడ దొరికిపోతాయి.

టెస్టులు ఒకసారి పాసవుతాయి, ఒకసారి ఫెయిలవుతాయి. యానిమేషన్లు ఆపేయాలా?

తెరల మధ్య ప్రయాణాన్ని పరీక్షించే టెస్టుల్లో ఆపేయండి. ఆండ్రాయిడ్ టెస్టు పరికరం ఎస్‌ప్రెసో అయితే విండో, ట్రాన్సిషన్, యానిమేటర్ మూడు స్కేళ్లనూ సున్నా చేయాలి. యూఐకిట్‌లో సెట్‌యానిమేషన్స్‌ఎనేబుల్డ్ ఉంది.

సమన్వయాన్నే పరీక్షించాలంటే ఆపకండి, గడియారాన్ని మీ చేతిలోకి తీసుకోండి. కంపోజ్‌లో మెయిన్‌క్లాక్ ఆటోఅడ్వాన్స్‌ని ఆపి, అడ్వాన్స్‌టైమ్‌బై తో 200 మిల్లీసెకన్లు జరిపి, కార్డు తెరుచుకుంటోందా, బటన్ ఇంకా రాలేదా అని చూడొచ్చు. ఫ్లట్టర్‌లో పంప్‌కి వ్యవధి ఇస్తే అదే పని. పంప్‌అండ్‌సెటిల్ మాత్రం తెరపై ఆగకుండా తిరిగే లోడర్ ఉంటే ఎప్పటికీ కుదురుకోక, టైమౌట్‌తో ఫెయిలవుతుంది. ఒకే ఒక్క టెస్టు రాసే తీరిక ఉంటే, సగంలో రద్దు చేసి అన్ని వస్తువులూ మొదటి స్థితికి తిరిగి వచ్చాయో లేదో చూసేది రాయండి.